పదుగురికి రెండు నిమ్మకాయలు: సటీకాతాత్పర్యం

అవతారిక

మూలం లేనిదేదీ వ్రాయనని, అక్కరలేని మాట పలకనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ అనే వ్యాఖ్య వ్రాసినవాడు కోలాచలం మల్లినాథసూరి. ఆయన తెలుగువాడు కావడంచేత ఆ ప్రతిజ్ఞ భారం తెలుగునాట టీక వ్రాయబూనిన ప్రతివారి నెత్తినా ఉంది. అయితే జంగారెడ్డిగూడెం మొదలుకొని ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా కొల్లేటి లంకల దాకా వేసవి వస్తే ఇంటింటా కలిపే పండ్ల నిమ్మరసానికి నోటి సంప్రదాయమే తప్ప మూలగ్రంథం లేదు. అందుచేత మల్లినాథుని మాట దాటకుండా ఉండడానికి ఈ టీకాకారుడు ముందుగా మూలాన్ని ఒక ఆటవెలదిగా కూర్చుకొని, ఆ పిమ్మట దానికి తానే టీక వ్రాసుకొన్నాడు. పద్యకర్త, టీకాకర్త ఒకరే అయినప్పుడు కవిహృదయం అంతుబట్టలేదన్న సాకు చెల్లదని ఆక్షేపించేవారు ఉండవచ్చు గాని, కూర వండినవారికే అందులో ఉప్పెంత పడిందో తెలియకపోవడం లోకంలో ఉన్నదే.

శాస్త్రగ్రంథాల మొదట అనుబంధచతుష్టయం చెప్పడం మర్యాద. అంటే గ్రంథంలోని విషయం ఏది, దానివల్ల ప్రయోజనం ఏమిటి, ఆ రెంటికీ సంబంధం ఎటువంటిది, చదవడానికి అధికారి ఎవరు అన్న నాలుగింటిని ముందే తేల్చడం. ఇక్కడ విషయం పండు కలిసిన నిమ్మరసం, ప్రయోజనం దాహశాంతి, సంబంధం గ్లాసుకూ గొంతుకూ ఉన్నది, అధికారి ఎండన పడి వచ్చినవాడు. కాలం కర్తరి: సూర్యుడు భరణి మూడవ పాదంలో అడుగుపెట్టే మే 4 ప్రాంతాన చిన్న కర్తరి, కృత్తిక మొదటి పాదంలోకి వచ్చే 11 ప్రాంతాన పెద్ద కర్తరి మొదలై, నెలాఖరు దాకా సాగుతాయి, ఆ రోజుల్లో మధ్యాహ్నం వేళ ఇంటికి వచ్చిన మనిషిని కుశలప్రశ్నలకంటె ముందు గ్లాసుతో పలకరించడం ఈ ప్రాంతపు ఆచారం.

మూలం

నిమ్మకాయ రెండు నీటిలోఁ బిండుచు
నుప్పు చిటికె వేసి యొప్పఁ దీపి
పండు చిదిపి కలిపి పదుగురి కియ్యవే
గింజ పడక యుండ గిన్నె వంచి

ప్రతిపదార్థం

నిమ్మకాయ రెండు = రెండు నిమ్మకాయలను; నీటిలోన్ = మంచినీళ్ళలో; పిండుచున్ = పిండుతూ; ఉప్పు = లవణాన్ని; చిటికె = చిటికెడు; వేసి = పడవేసి; ఒప్పన్ = తగినట్లుగా; తీపి = మాధుర్యాన్ని (లేదా, తియ్యనైన); పండు = ఫలాన్ని; చిదిపి = చేతితో నలిపి; కలిపి = ఏకం చేసి; గింజ = విత్తనం; పడక ఉండన్ = గ్లాసులో పడకుండేటట్లు; గిన్నె = పాత్రను; వంచి = ఒరగజేసి; పదుగురికి = పదిమందికి; ఇయ్యవే = ఇవ్వవే.

తాత్పర్యం

రెండు నిమ్మకాయలు నీళ్ళలో పిండి, ఉప్పూ తీపీ వేసి, పండు నలిపి కలిపి, గింజలు పడకుండా పదిమందికీ పోయమని భావం. తాత్పర్యం ఇంత తేలికగా తెమలడమే అనుమానించదగిన సంగతి.

విశేషాంశాలు

‘నిమ్మకాయ’. వంటింట్లో ఇది పసుపుపచ్చగా పండినా కాయే. ఇదే వస్తువు ఉగాదినాడో కొత్త సంవత్సరంనాడో పెద్దవారి చేతిలో పెట్టి నమస్కరించేటప్పుడు నిమ్మపండు అవుతుంది; పెళ్ళిచూపుల నాడు పిల్ల రంగు చెప్పవలసివస్తే నిమ్మపండు ఛాయ అవుతుంది; దుకాణం గుమ్మానికి మిరపకాయలతో కలిపి గుచ్చినా, కొత్త బండి చక్రం కింద పెట్టినా మళ్ళీ కాయగా మారిపోతుంది. గౌరవానికి పండు, పనికి కాయ అన్నది ఇక్కడి వాడుకలోని సూక్ష్మం. దీన్ని గుర్తుపెట్టుకొంటే మూడవ పాదంలోని ‘పండు’ అన్న మాట నిమ్మనే మళ్ళీ చెబుతున్నదని, కాబట్టి వేరే పండు అక్కరలేదని వాదించే పొదుపరుల మాట నిలవదు. పిండేది కాయ, చిదిపేది పండు, రెండూ ఒకటి కావు. ఇది కాగితంవంటి పలుచని తోలు కలిగినది కనుక ఉత్తరాదివారు దీనిని కాగ్జీ అన్నారు. ఇంగ్లీషువారు లెమన్ అనేది మందపు తోలున్న వేరొక జాతి, మన నిమ్మ వారి లెక్కలో లైమ్. అయినా వారి మాటకు మూలం పారసీక, అరబ్బీ భాషల్లోని లీమూ, లైమూన్ అన్న మాటలే.

‘రెండు’. పద్యానికి ప్రాణం ఈ సంఖ్యలోనే ఉంది, పేచీ కూడా ఇందులోనే ఉంది. మొదటి పాదంలో కాయలు రెండు, మూడవ పాదంలో తాగేవారు పదిమంది. ఒక కాగ్జీ నిమ్మ పిండితే వచ్చే రసం మహా అయితే 20 మిల్లీలీటర్లు, రెండింటికీ 40. మనిషికి 200 మిల్లీలీటర్ల గ్లాసు చొప్పున పదిమందికి రెండు లీటర్లు కావాలి. అంటే నూటికి రెండు పాళ్ళు నిమ్మరసం, మిగిలినదంతా మర్యాద. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ తాగడానికి సిద్ధంగా అమ్మే పండ్ల పానీయాల్లో పండ్లరసం 10 శాతానికీ, అది నిమ్మ పానీయమైతే నిమ్మరసం 5 శాతానికీ తగ్గరాదని నిర్ణయించింది. ఆ కొలత ప్రకారం ఈ రెండు లీటర్లకు అయిదారు కాయలైనా పడితే తప్ప దీనిని నిమ్మ పానీయమని పిలవడానికే వీలులేదు. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం నూటికి ఆరేడు పాళ్ళు ఉంటుంది గనుక, 40 మిల్లీలీటర్లను రెండు లీటర్లకు విస్తరిస్తే లీటరుకు గ్రామున్నరైనా తేలదు. నాలుక ఆ పులుపును పోల్చుకొంటుందే గాని ఒప్పుకోదు.

ఇందుకు కొందరు ‘రెండు’ అన్నది సంఖ్య కాదు, ‘నాలుగు మెతుకులు’, ‘రెండు మాటలు’ అన్నట్లు కొద్దిపాటి అని చెప్పే పలుకుబడి అంటారు. అది నిజమే కావచ్చు గాని, వేసవిలో కాయలు నిజంగా రెండే ఉండడానికి బలమైన కారణం ఉంది. నిమ్మచెట్టు ప్రధానంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూస్తుంది, పువ్వు కాయై కోతకు రావడానికి అయిదారు నెలలు పడుతుంది; కాబట్టి కాయలు ముమ్మరంగా దిగేది వానలు పడ్డాక, దాహం ముమ్మరంగా ఉండేది అంతకుముందు. ఏలూరు, తాడేపల్లిగూడెం నిమ్మ మార్కెట్లకు చుట్టుపక్కల మెట్ట మండలాల తోటల నుంచి వచ్చే సరుకులో చాలాభాగం లారీలెక్కి ఉత్తరాదికి పోతుంది. 2022 ఏప్రిల్‌లో దేశమంతటా నిమ్మ ధర చుక్కలనంటి, చిల్లరకొట్టులో ఒక్క కాయే పది రూపాయలు పలికిన రోజుల్లో, నిమ్మతోట ఉన్న ఊళ్ళోనే నిమ్మకాయ బేరమాడి కొనవలసివచ్చింది. వానాకాలంలో అదే కాయ కోతకూలికి కూడా చాలదని రైతు చెట్టుకింద రాలనిస్తాడు. ఆ లెక్కన ‘రెండు’ అన్నది యథార్థవాదమే.

మరి రెండు కాయలతో పదిమంది గొంతు ఎలా తడుస్తుందన్న శంకకు ఈ టీక చెప్పే సమాధానం ఒక్కటే. ఈ పానీయంలో నిమ్మ విశేష్యం కాదు, విశేషణం. విశేష్యమంటే వాక్యంలో ఎవరి గురించి చెబుతున్నామో ఆ పదార్థం. విశేషణం దానికి రంగు పులిమేది. ఇక్కడ ఒంటికి, పొట్టకు పనికివచ్చే పదార్థం పండు. నిమ్మ ఆ పండు రుచిని నిద్రలేపడానికి వచ్చింది. లోకం దీనిని పండ్ల నిమ్మరసం అని పిలుస్తున్నది గాని, నిమ్మ తగిలిన పండ్లరసం అనడమే న్యాయం. కింది పదాలన్నీ ఈ సిద్ధాంతానికి సాక్ష్యం చెబుతాయి.

‘నీటిలోన్’. నీళ్ళంటే ఏ నీళ్ళని మూలం చెప్పలేదు. జంగారెడ్డిగూడెం మెట్ట, ఎర్రకాలువ పక్కనే పోతున్నా తాగేది బోరునీళ్ళు. తాడేపల్లిగూడెం దాటి దిగువకు పోతే డెల్టా, కాలువ నీళ్ళు నింపిన చెరువులు. ఏలూరులో కృష్ణ నుంచి వచ్చే కాలువ, గోదావరి నుంచి వచ్చే కాలువ కలుస్తాయి గనుక అక్కడివారు ఏ నది నీళ్ళు తాగుతున్నామో చెప్పనక్కరలేదు. పూర్వం డెల్టా ఊళ్ళలో కొత్తనీరు మట్టిరంగుతో వచ్చినప్పుడు ఇండుపగింజను (కొన్నిచోట్ల దీనిని చిల్లగింజ అంటారు) అరగదీసి బిందెలో కలిపితే మడ్డి అడుక్కు దిగేది. సంస్కృతంలో కతకమని పేరున్న ఈ గింజనే వేదాంతులు, మలినాన్ని తీసుకొని తానూ అడుగుకు పోయే జ్ఞానానికి దృష్టాంతంగా చెబుతారు. కొల్లేటి సంగతి వేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సు నుంచి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోయినప్పుడు అదే దారిన ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. లంక గ్రామాలవారు డబ్బానీళ్ళు కొనుక్కొని తాగడానికి అదొక కారణం. స్థానికమైన నీటితో కలిపితే రెండవ పాదంలోని ‘ఉప్పు’ లంకవాసులకు పునరుక్తిదోషం (అంటే చెప్పినదే మళ్ళీ చెప్పిన తప్పు) అవుతుందని ఆలంకారికులు గమనించాలి.

ఇక్కడ ‘నీటిలోఁ బిండుచు’ అన్నచోట ‘సోడలోఁ బిండుచు’ అని ఒక పాఠాంతరాన్ని కుర్రకారు ప్రతిపాదించవచ్చు. పాఠాంతరమంటే ఒక ప్రతిలో ఒక మాట, ఇంకొక ప్రతిలో వేరొక మాట ఉండడం. సోడాకు చరిత్ర లేకపోలేదు: గోలీని మూతిలో బిగించే సీసాకు హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందాడు, గోదావరికి అవతల రామచంద్రపురంలో 1919లో మొదలైన ఆర్టోస్ పానీయం ఇప్పటికీ ఆ జిల్లాలవారి అభిమానం. గణాలు చూసినా సోడలో అన్నది రగణమే గనుక చెల్లుతుంది. కాని ఆటవెలదిలో మొదటి గణం మొదటి అక్షరానికి, నాలుగవ గణం మొదటి అక్షరానికి మైత్రి ఉండాలి. ‘ని’కి ‘నీ’తో ఉన్న చుట్టరికం ‘సో’తో లేదు. యతిభంగమవుతుంది కాబట్టి సోడా నిషిద్ధం. ఐసు మాటకు మూలంలో చోటే లేదు, అది ప్రక్షిప్తం, అంటే ఎవరో తరువాత దూర్చినది. కైకలూరు, ఆకివీడు వైపు ఐసు ఫ్యాక్టరీలు దిమ్మెలు పోసేది చేపల పెట్టెల్లో పరవడానికి. ఆ దిమ్మెను సుత్తితో కొట్టి గ్లాసులో వేసుకోవడంకంటె కుండనీళ్ళు మేలు. కుండ కూడా మెట్టగాలి పొడిగా ఉన్నచోట చల్లబరిచినంతగా, గాలిలో తేమ నిండిన కొల్లేటి ఒడ్డున చల్లబరచదు. కుండ గోడలోనుంచి ఊరిన నీరు ఆవిరైతేనే గదా లోపలి నీరు చల్లబడేది.

‘పిండుచున్’. వ్యాకరణంలో దీనిని శత్రర్థకమంటారు, అంటే ఒక పని జరుగుతూ ఉండగానే మరొక పని జరగడాన్ని చెప్పే రూపం. ‘వేసి’ అన్నది క్త్వార్థకం, మొదటి పని ముగిశాక రెండవది అని చెప్పేది. ఈ భేదాన్ని బట్టి నిమ్మకాయ పిండుతూ ఉండగానే ఉప్పు పడాలి. రెండు చేతులూ కాయమీద ఉన్నప్పుడు ఉప్పు వేసే మూడవ చెయ్యి ఎవరిదన్న ప్రశ్నకు పక్కన నిలబడిన తోడికోడలిదని సమాధానం. పిండడం గట్టిగా ఉండకూడదన్నది గురుముఖతః తెలుసుకోవలసిన రహస్యం. తోలులోపలి తెల్లని పొరలోను, గింజలోను చేదు పుట్టించే పదార్థం దాగి ఉంటుంది. పిండినప్పుడు నాలుకకు తెలియదు, రసంలోని పులుపు తగిలి కొంతసేపటికి అది లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. ఉదయం కలిపి ఉంచిన నిమ్మరసం సాయంత్రానికి చేదెక్కిందని ఒకరినొకరు అనుకోవడానికి కారణం ఇదే తప్ప ఎవరి చేతివాటమూ కాదు.

‘ఉప్పు చిటికె వేసి’. చిటికెడు అనవలసినచోట కవి ఛందస్సుకోసం ‘డు’ను మింగాడు. గుప్పెడు, పిడికెడు, దోసెడు, చిటికెడు అని తెలుగువారి కొలతలన్నీ సొంత చేతిని బట్టి పుట్టినవి; చెయ్యి మారితే కొలత మారుతుంది. అందుకే అత్తగారు చిటికెడన్న ఉప్పు కోడలి చేతిలో చాలకపోవచ్చు. ‘డు’ పోవడంవల్ల ఇంకొక చిక్కు వచ్చింది. ‘చిటికె వేసి’ అంటే లోకంలో బొటనవేలిని నడిమివేలితో మీటి చప్పుడు చెయ్యడం. ఆవులింత వచ్చినప్పుడు పెద్దవారు చేసేది. ఉప్పు వేసి చిటిక వెయ్యాలని అర్థం చెప్పే పూర్వపక్షులు (అంటే ఖండించడానికే ముందు నిలబెట్టబడిన వాదులు) ఉంటే, ఉప్పు వేళ్ళకంటుకొని ఉండగా చిటిక మోగదని గ్రహించాలి.

ఉప్పు, తీపి ఒకే పాదంలో పక్కపక్కన కూర్చోవడం ఊరకే జరగలేదు. పేగు గోడలో గ్లూకోజు లోపలికి పోయేటప్పుడు సోడియాన్ని వెంటబెట్టుకొని పోతుంది, వాటి వెనుక నీరు పోతుంది. ఈ సూత్రంమీదనే 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బనగాఁవ్ అనే ఊళ్ళో, డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఉప్పు గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించాడు. లీటరు నీటికి అరచెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార అన్నది ఇంట్లో చేసుకొనే కొలత. దాహానికి తాగే నిమ్మరసం అంతకంటె చాలా తియ్యగా ఉంటుంది కనుక వడదెబ్బ తగిలినవాడికి దానిని మందుగా భావించి ఇవ్వరాదు. ఎండన పడి వచ్చి, ఇంకా మాట్లాడే ఓపిక ఉన్నవాడికే ఇవ్వాలి.

‘ఒప్పఁ దీపి’. టీకాకారులు నిద్రపోకుండా చేసే చోటు ఇదే. మొదటి అన్వయం: (అన్వయమంటే పద్యంలో చెదిరిన పదాలను వాక్యంగా పేర్చడం) ‘ఒప్పన్ తీపి కలిపి’, అంటే తగినంత పంచదార వేసి. పంచదారను తీపి అనడం లక్షణ. గుణాన్ని చెప్పి గుణమున్న వస్తువును తెలపడం. రాయలసీమ, తెలంగాణలలో చక్కెర అనేది ఈ జిల్లాల్లో పంచదార. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ పుట్టిన నాటినుంచి ఈ చుట్టుపక్కల దానికి కరువు లేదు. చల్లని నీటిలో పంచదార వెంటనే కరగదు. కలిపినవారు గరిటె రెండు తిప్పులు తిప్పి ఊరుకొంటే అడుగున తెల్లగా పేరుకొని ఉంటుంది. అప్పుడు మొదట అందుకొన్నవాడికి పులుపు, చివర అందుకొన్నవాడికి పాకం దక్కుతుంది. చుట్టాల్లో పెద్దవారికి ముందు ఇవ్వాలన్న మర్యాదవల్ల పెద్దల ముఖాలు చిట్లిపోవడం, చిన్నపిల్లలు మళ్ళీ కావాలనడం ఇందువల్లనే. కొద్ది నీళ్ళలో పంచదార వేసి, పొయ్యిమీద కరిగేదాకా ఉంచి, చల్లార్చి పోస్తే ఈ అన్యాయం జరగదు. బెల్లం వేస్తే శ్రీరామనవమి పానకానికి దగ్గరవుతుంది, నిమ్మకు దూరమవుతుంది. బుట్టాయగూడెం వైపు గిరిజనులు సేకరించే తేనె ఉన్నవారు మాత్రం పంచదార మాట ఎత్తనక్కరలేదు.

రెండవ అన్వయం: రెండవ పాదం చివరి మాట మూడవ పాదం మొదటి మాటతో కలిసి ‘తీపి పండు’ అని సమాసమవుతుంది, తీపి అయిన పండు అని విగ్రహవాక్యం, విశేషణపూర్వపద కర్మధారయం. అప్పుడు పద్యంలో పంచదార లేనే లేదు! ఉప్పు వేసి, తగినట్లుగా తియ్యని పండు చిదిపి ఇయ్యమనే అర్థం. ఏ ఇంటికి పోయినా మధుమేహం ఉన్న పెద్దవారు ఒకరైనా ఉండే ఈ రోజుల్లో ఈ అన్వయానికి అనుయాయులు పెరుగుతున్నారు. వారు రహస్యంగా మొదటి అన్వయంవారి గ్లాసులోంచి ఒక గుక్క తాగడం సంప్రదాయ సాంకర్యంగా భావించరాదు. ఈ టీకాకారుడు రెండవ అన్వయాన్నే సిద్ధాంతంగా స్వీకరిస్తున్నాడు. రెండు కాయలు పదిమందికి చాలుతాయన్న మాట ఈ అన్వయంలో తప్ప నిలవదు: పులుపు తక్కువ కనుక దానిని అణచడానికి పంచదార అక్కరలేదు, పండు తీపిని పైకి లేపడానికి ఆ పులుపు సరిగ్గా సరిపోతుంది.

‘పండు చిదిపి’. ఏ పండు అన్నది క్రియే చెబుతుంది. వాక్యంలో పదాలు కలవడానికి యోగ్యత కావాలంటారు శాస్త్రకారులు. నిప్పుతో తడిపాడు అంటే వాక్యం కానట్లే, చిదపడానికి లొంగని పండును చిదిపి అంటే వాక్యం కాదు. ‘పనస చిదిపి’ అంటే గణమూ కుదురుతుంది, ‘ప’కు ‘ప’తో యతీ కుదురుతుంది, పనసతొన మాత్రం చేతికి కుదరదు. ‘పుచ్చ చిదిపి’ అంటే చేతికి కుదురుతుంది గాని యతి కుదరదు. పైగా పుచ్చకాయలో నూటికి 92 పాళ్ళు నీరే గనుక మొదటి పాదంలోని నీటికి పని ఉండదు. తాటిముంజె నలిపితే జారిపోతుంది, ముక్కలుగా పైన తేలడానికే అది బాగు. చక్కెరకేళి చిదిపితే వచ్చేది ప్రసాదం.

ఆలంకారికులు కవిత్వానికి చెప్పిన ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్న విభాగం (నోట వేయగానే రసం వచ్చేది, తోలు వలిస్తే వచ్చేది, పెంకు పగలగొడితే గాని రానిది) ఇక్కడ అక్షరాలా వంటింటి శాస్త్రమవుతుంది. ఈ మూడింటిలో మామిడికి చోటు లేదు గాని, నూజివీడు చేరువలో ఉన్నవారు దానిని వదలరు. ఆ ఊరి తోటల్లో పండే చిన్నరసం, పెద్దరసం అన్న మామిళ్ళ పేర్లలోనే రసం ఉంది. కోసి తినడానికి కావు, చిదపడానికే పుట్టినవి. పండును రెండు అరచేతుల నడుమ పెట్టి, తోలు చిట్లకుండా మెల్లగా దొర్లిస్తూ లోపలి గుజ్జు కరిగినట్లు మెత్తబడేదాకా నలపాలి. ఆ పిమ్మట ముచ్చిక గిల్లి, మొదట వచ్చే సొనబొట్టును పారబోసి, గిన్నె అంచుకు ఆనించి పిండాలి. టెంక బయటికి రాబోతుండగా బొటనవేలితో ఆపితే, దాని పీచుకు పట్టి ఉన్న చిక్కని రసం చివరగా దిగుతుంది. నాలుగు చిన్నరసాలకు పావు లీటరుకు తగ్గకుండా వస్తుంది. రెండు లీటర్లలో పది శాతానికి పైనే అన్నమాట. ఇప్పుడు ప్రభుత్వపు కొలత ప్రకారం కూడా ఇది పండ్ల పానీయం. ఒట్టి మామిడిరసం నాలుకమీద బరువుగా కూర్చుంటుంది. నాలుగు చుక్కల నిమ్మ పడగానే లేచి నిలబడుతుంది. విశేషణం చేసే పని అంతకంటె లేదు. కలెక్టరు మామిడికి ఈ పానీయంలో ప్రవేశం ఉన్నా, దానికి స్వతహాగా కొంత పులుపు ఉండడంచేత నిమ్మకు ఉద్యోగం పోతుంది.

మెట్టకు, ఏజెన్సీకి ప్రత్యేకమైన పండు ఇంకొకటి ఉంది. దాని గౌరవం ఈ టీకలోనైనా దక్కాలి. జీడిమామిడి పండు. బుట్టాయగూడెం, పోలవరం వైపు తోటల్లో వేసవిలో గింజను తిప్పి తీసుకొని పండును చెట్టుకిందే వదిలేస్తారు. ఎర్రగానో పసుపుపచ్చగానో మెరుస్తూ, చిదిపితే చేయి తడిసేంత రసం ఉన్న ఆ పండుకు ఉన్న దోషం వగరు, గొంతు పట్టినట్లు చేసే గుణం. రసంలో గంజి కలిపి కొంతసేపు కదపకుండా ఉంచితే వగరును పుట్టించే టానిన్లు దానితో పెనవేసుకొని అడుక్కు దిగుతాయి. పైన తేరిన రసంలో నిమ్మ, ఉప్పు వేస్తే తాగినవాడు అది ఏమిటో పోల్చుకోలేడు. ఆలస్యం చేస్తే పులిసిపోతుంది, అప్పుడది వేరే శాఖకు సంబంధించిన పానీయం. కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేసే కోకో కాయలోపల గింజల చుట్టూ ఉండే తెల్లని గుజ్జు కూడా తీపిపులుపుల కలయికే. తోటలో తిరిగే పిల్లలు దానిని చప్పరించి గింజ ఉమ్మేస్తారు. చాక్లెటు వారు గింజకోసం వస్తారు, గుజ్జు సంగతి పిల్లలకే తెలుసు.

‘పదుగురికి’. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు పెట్టిన విందులో చెరకుపాలు, ఎడనీళ్ళు అంటే లేత కొబ్బరినీళ్ళు, నీరుచల్ల అంటే పలుచని మజ్జిగ ఉన్నాయి. అతిథుల సంఖ్య చెప్పలేదు, రాజుగారు గనుక చెప్పనక్కరలేదు. ఈ పద్యం సామాన్య గృహస్థుది, లెక్క ఉంది. జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రానికి బేళ్ళు తెచ్చిన రైతు, పామాయిల్ గెలలు కోసే మనుషులు, గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చి దారిలో దిగిన చుట్టాలు, చలివేంద్రంలో నిలబడ్డ బాటసారి, వీరిలో ఎవరు పదుగురన్నది మూలం తేల్చలేదు. చలివేంద్రాన్ని అమరుడు ‘ప్రప’ అన్నాడు, పానీయశాల అని దానికి అర్థం. పారిస్‌లో 1676 నాటికే నిమ్మపానీయం అమ్మేవారికి ప్రత్యేకమైన సంఘం ఉండేది; వారు దానికి డబ్బు పుచ్చుకొనేవారు, చలివేంద్రంలో పుచ్చుకోరు.

‘ఇయ్యవే’. ‘వే’ చనువుతో ఆడవారిని పిలిచేది. అండీ లేకుండా వాక్యం ముగియని గోదావరి జిల్లాల్లో ఇది ఇంటి పెద్దామె నోట మాత్రమే వస్తుంది. ఇక్కడ ‘ఇయ్యరా’ అని పాఠాంతరం సంపాదించవచ్చునా అన్నది ఒక శంక. ‘కియ్యవే’, ‘కియ్యరా’ రెండూ రగణాలే. యతి చెడదు, అర్థం చెడదు, వ్యాకరణం చెడదు. సోడాను, పుచ్చకాయను తోసిపుచ్చిన ఛందస్సు మగవాడు నిమ్మకాయ పిండడానికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఇంత నిర్దుష్టమైన పాఠాంతరం ప్రచారంలోకి రాకపోవడానికి లేఖకదోషమే కారణమనుకోవాలి.

‘గింజ పడక యుండ గిన్నె వంచి’. నాలుగవ పాదం పద్యంలో చివర ఉన్నా పనిలో ‘ఇయ్యవే’కు ముందు రావాలి, దండాన్వయంలో దానిని అక్కడికి జరపాలి. జల్లెడ, టీ వడకట్టు మొదలైనవి మూలంలో లేవు. ‘గిన్నె’కు బదులు ‘గ్లాసు వంచి’ అందామంటే ‘గిం’కు ‘గ్లా’తో అచ్చు కలవదు. గిన్నె వంచడమొక్కటే ఉపాయమైతే అది ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆలోచించాలి. నిమ్మగింజల్లో కొన్ని అడుగుకు పోతాయి, కొన్ని తేలుతాయి. పానీయం చిక్కనయ్యేకొద్దీ తేలేవి పెరుగుతాయి. మునిగినవాటికి వంచడం చాలు, తేలినవాటికి వేళ్ళు కావాలి. మూలం చెప్పని ఆ వేళ్ళను వ్యంజనవల్ల, అంటే పైకి చెప్పకుండా స్ఫురింపజేసే శక్తివల్ల, తెలుసుకోవాలి. కలిపినామె కుడిచేత్తో గిన్నె ఒరగబెట్టి, ఎడమచేతి మూడు వేళ్ళు అంచుకు కొద్దిగా ఎడంగా అడ్డుపెడుతుంది. ఆ సందుల్లోంచి పసుపురంగు ధార స్టీలు గ్లాసులోకి పడుతుంది, గింజలు వేళ్ళకు ఈవల ఆగి తిరుగుతాయి. ఒకటి తప్పించుకొంటుంది. అది ఎవరి గ్లాసులో పడితే ఆ పిల్లవాడికి కడుపులో నిమ్మచెట్టు మొలుస్తుందని పక్కవాడు చెబుతాడు, ఆ సాయంత్రందాకా వాడు బొడ్డు తడుముకొంటాడు.

పదుగురిలో కలిపినామె లెక్కలో ఉందా లేదా అన్నదానికి మూలంలో ఆధారం లేదు. గ్లాసులు పది నిండాక గిన్నె అడుగున మిగిలేది నాలుగు గింజలు, కాస్త మామిడి పీచు, మొదటి అన్వయంవారి ఇంట అయితే కరగని పంచదార. ఆమె అందులో సగం గ్లాసు నీళ్ళు పోసి, గిన్నె చుట్టూ ఒకసారి తిప్పి, గింజలను వేలితో ఒక పక్కకు నెట్టి, గిన్నెతోనే ఎత్తి తాగుతుంది.